మీకు తెలుసా? ‘ఓరుగల్లు’ అంటే రెండు సూర్యగణాలు!

పద్యం అనగానే మీకు తెలుగు పరీక్షలో గణవిభజన ప్రశ్నే గుర్తొస్తోందా? గురువు, లఘువు, గణం, యతి, ప్రాస... ఈ మాటలు వినగానే పుస్తకం మూసేయాలనిపిస్తోందా? ఒక్క నిమిషం ఆగండి! వాటి వెనక దాగిన వింత లెక్కలు చూస్తే మీరే నోరెళ్లబెడతారు. వాటిలో చాలావరకు మన వరంగల్ చుట్టుపక్కలే దొరుకుతాయి. ఏరి తెచ్చాను, ఎక్కడి నుంచైనా మొదలుపెట్టండి.

● ఎంత పెద్ద పద్యాన్నైనా రెండే రెండు గుర్తులతో రాసేయొచ్చు! నిలువు గీత పెడితే లఘువు, కొక్కెం పెడితే గురువు. లఘువు పలకడానికి ఒక చిటికె వేసినంత సేపు, గురువుకు రెండు చిటికెలంత సేపు పడుతుంది. ఈ చిటికెకే ఛందస్సులో ‘మాత్ర’ అని పేరు.

● ‘అమ్మ’లో ‘అ’ పొట్టి అక్షరమే. అయినా అది గురువు! వెనకాల నిలబడ్డ ‘మ్మ’ తన బరువంతా ముందున్న అక్షరం మీద వేస్తుంది మరి. పక్కన సున్నా ఉన్నా, విసర్గ ఉన్నా, పొల్లు ఉన్నా పొట్టి అక్షరాలు ఇలాగే గురువులైపోతాయి.

● మీ చుట్టాలందరూ సూర్యగణాలే! నమ్మరా? గురువు, ఆ వెంటనే లఘువు వస్తే అది హగణం. మూడూ లఘువులైతే నగణం. ఈ రెండింటినే సూర్యగణాలంటారు. ఇప్పుడు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, తాత, అత్త, మామ, బావ, చెల్లి, అందరూ హగణాలే. వదిన, మరిది నగణాలు. ఒక్క ‘తమ్ముడు’ మాత్రం ఒక గురువు, రెండు లఘువులతో భగణమై ఇంద్రుడి జట్టులో, అంటే ఇంద్రగణాల్లో, చేరిపోయాడు. ఇంట్లో చిన్నవాడికి ఆ మాత్రం గొప్ప ఉండాల్సిందే!

● ఓరుగల్లు, కాకతీయ, భద్రకాళి, పాలకుర్తి... ఈ నాలుగు పేర్లకూ నడక ఒక్కటే! గురువు, లఘువు, గురువు, లఘువు. చేత్తో బల్ల మీద తాళం వేస్తూ చెప్పి చూడండి, ఒకే దరువు వినిపిస్తుంది. ఒక్కో పేరులో రెండేసి సూర్యగణాలున్నాయి. ‘హనుమకొండ’లోనూ రెండే, కాకపోతే మొదటిది నగణం.

● మరి ‘వరంగల్’? లఘువు, గురువు, గురువు. అంటే యగణం! ఇది సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు. అందుకే ఈ రెండు రకాల గణాలతోనే నడిచే ఆటవెలది పద్యంలో ‘వరంగల్’ ఒక్క గణంగా కూర్చోలేదు, రెండు గణాల మధ్య చీలిపోవాల్సిందే. ‘ఓరుగల్లు’ మాత్రం దర్జాగా రెండు గణాలై కూర్చుంటుంది.

● పటంలో మూడు పేర్లు వరుసగా చదివితే పద్యంలో ఒక పాదం, అంటే ఒక వరుస, తయారవుతుందా? అవుతుంది! ‘పాలకుర్తి, ములుగు, భద్రకాళి’ అని చదవండి. పాల, కుర్తి, ములుగు, భద్ర, కాళి. మొత్తం ఐదు సూర్యగణాలు! ఆటవెలది రెండో పాదానికి కావాల్సినవి సరిగ్గా ఇవే. ఇంకో తమాషా ఉంది. మొదటి గణం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి స్నేహం కుదరాలి. ‘పా’కూ ‘భ’కూ కుదిరింది కూడా! ఈ స్నేహం పేరే యతి. ఈ పాదం నాకు దొరికిన రోజు ఇంట్లో కనిపించిన వాళ్లందరికీ వినిపించాను.

● పోతన, బమ్మెర, సోమన, రుద్రమ. ఈ నలుగురినీ కలిపేది ఏమిటి? నలుగురూ భగణాలే! (బమ్మెర మనిషి కాదు, పోతన ఊరు. లెక్కలో మాత్రం ఆయన పక్కనే కూర్చుంది.) కాళోజీ, మేడారం మాత్రం మూడూ గురువులున్న మగణాలు. బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ కూడా మగణమే!

● మూడక్షరాల గణాలు ఎనిమిదింటినీ విడివిడిగా రాస్తే 24 అక్షరాలు. మన పెద్దలు వాటిని 10 అక్షరాల్లో ఇరికించేశారు! ‘యమాతారాజభానసలగం’ అనే సూత్రంలో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు లెక్కించినా ఆ అక్షరం పేరున్న గణమే వస్తుంది. ‘యమాతా’ చూడండి: లఘువు, గురువు, గురువు, అంటే యగణం. ‘మాతారా’ మగణం. ‘తారాజ’ తగణం. అలా జరుపుకుంటూ పోతే చివరి ‘సలగం’ దాకా ఎనిమిదీ వచ్చేస్తాయి, ఒక్కటి కూడా రెండోసారి రాదు! ఇలాంటి సూత్రాన్ని మీరే కొత్తగా కనిపెట్టాలంటే ఎన్ని కాగితాలు చింపాలో ఒకసారి ప్రయత్నించి చూడండి.

● సూర్యుడి దగ్గర 2, ఇంద్రుడి దగ్గర 6, చంద్రుడి దగ్గర 14! తెలుగు పద్యాల ఉపగణాల లెక్క ఇది. దేవతల రాజు ఇంద్రుడికంటే చంద్రుడికే ఎక్కువ గణాలు దక్కాయి.

● ఇంగ్లిష్‌లో ‘ఫుట్’ అంటే పాదమే, కానీ ఆ పాదం మన గణమంతే ఉంటుంది! మన పాదం అంటే ఒక నిండు వరుస. అందుకే మామూలుగా మన పద్యం నాలుగు కాళ్ల మీద నడుస్తుంది.

● ఒక హైకూ మొత్తంలో 17 అక్షరాలు. మన శార్దూలం అనే పద్యంలో ఒక్క పాదంలోనే 19! జపాను కవి మూడు వరుసల్లో ముగించి కలం పక్కన పెట్టేసరికి మన కవి ఇంకా మొదటి పాదం చివరికి కూడా చేరడు. అలాగని తెలుగుకు పొట్టి కవిత రాదనుకోకండి. ఎన్. గోపి మొదలుపెట్టిన ‘నానీలు’ నాలుగు వరుసల్లో 20 నుంచి 25 అక్షరాలకే అయిపోతాయి.

● పులి తలలో ఒక్క గురువును విరిస్తే ఏనుగు పుడుతుంది! శార్దూలం అంటే పులి, మత్తేభం అంటే మదపుటేనుగు. శార్దూల పాదంలో మొదటి గురువును తీసి, ఆ చోట రెండు లఘువులు పెట్టండి. మిగతా అక్షరాలు ఏవీ కదపొద్దు. అది మత్తేభమైపోతుంది! 19 అక్షరాలు 20 అవుతాయి, మాత్రలు మాత్రం రెండింటిలోనూ 30. పూలకూ ఇదే మంత్రం: కలువల దండ ఉత్పలమాల మొదటి గురువును విరిస్తే సంపెంగల దండ చంపకమాల వస్తుంది. అక్కడా 20 అక్షరాలు 21 అవుతాయి, మాత్రలు 28 దగ్గర కదలవు. బడిలో ఈ నాలుగింటి గణాలూ విడివిడిగా బట్టీ పట్టిన పిల్లలకు ఈ రహస్యం ముందే చెప్పి ఉంటే సగం కష్టం తప్పేది!

● గజేంద్రమోక్షంలో ఒక పద్యం మధ్యలో పోతనకు ఏం రాయాలో తోచక లేచి బయటికి వెళ్లారట. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉందట! సాక్షాత్తూ రాముడే వచ్చి రాశాడని మన ఊళ్లలో కథగా చెప్పుకుంటారు. ఆ పద్యం ఏ ఛందస్సో తెలుసా? మత్తేభం! ఏనుగు మొర విని దేవుడు పరుగెత్తిన కథకు ఏనుగు నడకే కుదిరింది.

● శార్దూలం, ఉత్పలమాల లాంటి వృత్తాలు మొత్తం ఎన్ని రకాలు రాయొచ్చు? 13 కోట్ల 42 లక్షల 17 వేల 726! పాదానికి ఒక్క అక్షరం నుంచి 26 అక్షరాల దాకా గురులఘువులను ఎన్ని విధాల మార్చి పేర్చవచ్చో కూడితే వచ్చే సంఖ్య ఇది. సెకనుకొకటి చొప్పున తిండీ నిద్రా మాని లెక్కపెట్టినా నాలుగేళ్ల మూడు నెలలు పడుతుంది.

● అన్ని కోట్ల వృత్తాల్లో ప్రతిదానికీ ఒక ఇంటి నంబరుంది! పాదంలో 20 అక్షరాలుండే వృత్తాలన్నీ ఒక వీధి అనుకోండి. ఆ వీధి పేరు ‘కృతి’, అందులో 10 లక్షల 48 వేల 576 ఇళ్లు. ఉత్పలమాల ఉండేది 3,55,799వ ఇంట్లో. అదే వీధిలో 2,98,676వ ఇల్లు మత్తేభానిది. పక్క వీధిలో చంపకమాల నంబరు 7,11,600, ఇవతలి వీధిలో శార్దూలం నంబరు 1,49,337. ఇప్పుడు అసలు తమాషా: ఉత్పలమాల నంబరును రెట్టింపు చేసి రెండు కలపండి. ఏమొచ్చింది? చంపకమాల! శార్దూలం నంబరును రెట్టింపు చేసి రెండు కలపండి. మత్తేభం! గురువును విరిచే మంత్రం నంబర్లలోనూ పలుకుతోందన్నమాట.

● కందపద్యానికీ చదరంగానికీ చుట్టరికం ఏమిటి? రెండింటికీ 64! చదరంగం బల్లకు 64 గళ్లు, కందంలో 64 మాత్రలు: 16 గణాలు, గణానికి 4 మాత్రలు. మాత్రలు మారవు గానీ అక్షరాలు సాగుతాయి, కుంచించుకుపోతాయి. గురువులు దట్టించి రాస్తే 34 అక్షరాలకే కందం నిండుతుంది. లఘువులతో నింపితే 62 దాకా పడతాయి. ఒకే గిన్నెలో గుమ్మడికాయలూ పడతాయి, గోలికాయలూ పడతాయి!

● నాలుగు మాత్రలను ఎన్ని విధాల నింపవచ్చు? అయిదే విధాలు, ఆ అయిదే కందంలో వాడే గణాలు: గగ, భ, జ, స, నల. ఇక ఒక మాత్ర నుంచి లెక్క మొదలుపెట్టండి. ఒక మాత్రకు 1, రెండుకు 2, మూడుకు 3, నాలుగుకు 5, ఐదుకు 8, ఆరుకు 13. వరుసలో చివరిది లఘువో గురువో అయి తీరాలి కాబట్టి, ప్రతి సంఖ్యా తన ముందున్న రెండింటి మొత్తం. ఇటలీ దేశపు ఫిబొనాచీ 1202లో తన పుస్తకంలో కుందేళ్ల లెక్కగా చెప్పిన వరుస ఇదే! గుజరాత్ పండితుడు హేమచంద్రుడు అంతకు సుమారు 50 ఏళ్ల ముందే ఛందస్సు లెక్కగా చెప్పేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1163లో, మన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో శాసనం చెక్కారు.

● కందపద్యం కాగితం మీదకంటే ముందు బండ మీద కనిపిస్తుంది! మన పక్క జిల్లా కరీంనగర్‌లో, కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు 10వ శతాబ్దంలో వేయించిన శాసనంలో తెలుగు కందాలు మూడున్నాయి. నన్నయ భారతం రాసింది ఆ తరువాతి శతాబ్దంలో! ఈ జినవల్లభుడి అన్న ఎవరో ఊహించండి. కన్నడ ఆదికవి పంపడు. ఆ బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషలూ పక్కపక్కనే ఉన్నాయి.

● ఇంగ్లిష్ పద్యాల్లో ప్రాస వరుస చివర మోగుతుంది, మన పద్యంలో రెండో అక్షరంలోనే మోగేస్తుంది! మొదటి పాదంలో రెండో అక్షరం ‘ల’ అయితే నాలుగు పాదాల్లోనూ ‘ల’కారమే ఉండాలి. తమిళానికీ కన్నడానికీ కూడా ఇదే అలవాటు. దక్షిణాది చెవి ఆరంభంలోనే గంట వినాలనుకుంటుంది.

● ఆటవెలది, తేటగీతి, సీసం, ఈ మూడింటికీ ప్రాస నియమం లేదు! అందుకేనేమో, బాల్యంలో నోటికొచ్చిన వేమన పద్యాలు ఆటవెలదిలో అంత సులువుగా పరుగెడతాయి.

● తెలుగులో ఇద్దరు మహాకవుల ఊళ్లు ఒకే మండలంలో ఉన్నాయి! పాల్కురికి సోమన పాలకుర్తి, పోతన బమ్మెర, రెండూ జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనివే. ఒకరిది 13వ శతాబ్దం, ఇంకొకరిది 15వ శతాబ్దం. మధ్యలో దూరం కాలానిదే గానీ నేలది కాదు!

● సోమన ఒక పెద్ద పురాణాన్ని మొత్తం రెండేసి పాదాలతోనే నడిపించారు! అది బసవపురాణం, ఛందస్సు ద్విపద. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కలిస్తే ఒక పాదం. రెండు పాదాలైతే ద్విపద. ఇక ఎన్నైనా పేర్చుకుంటూ పోవచ్చు. పాడటానికి ఇంత హాయైన ఛందస్సు నాకు ఇంకోటి కనిపించలేదు.

● అదే సోమన పండితారాధ్యచరిత్రలో ఆనాటి జనం పాడుకునే పాటల పేర్లు వరుసగా చెప్పారు: తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు... ఏడొందల ఏళ్ల కిందటి పాటల జాబితా అన్నమాట! ఆయన వృషాధిపశతకమే తెలుగులో తొలి శతకమని కొన్ని సాహిత్య చరిత్రలు చెబుతాయి. శతకం అంటే నూరు గానీ, మన శతకకవులు సాధారణంగా 108 దగ్గర ఆగుతారు. కొసరు ఎనిమిది!

● పోతన భాగవతం మొత్తం పోతన రాసింది కాదు! పన్నెండు స్కంధాల్లో ఐదోది గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ పూర్తి చేశారు.

● ఒక పాఠ్యపుస్తకంలో ఉదాహరణలన్నీ ఒకే మనిషి గురించి ఉంటే ఎలా ఉంటుంది? ఓరుగల్లులో అలాంటి పుస్తకం పుట్టింది! ప్రతాపరుద్రుడి ఆస్థానంలోని విద్యానాథుడు సంస్కృతంలో రాసిన ప్రతాపరుద్రీయం అది. నాయకుడు, రసం, దోషం, గుణం, అలంకారం, ఏది వివరించినా ఉదాహరణ ప్రతాపరుద్రుడే. నాటకం ఎలా రాయాలో చెప్పడానికైతే రాజుగారి మీద ఏకంగా ఒక నాటకాన్నే రాసి పుస్తకం మధ్యలో పెట్టేశాడు!

● ఉపమ అనే అలంకారంలో నాలుగు భాగాలుంటాయి, ఆ నాలుగూ రామప్ప గుడి ఇటుకలో దొరుకుతాయి! ‘రామప్ప ఇటుక తామరాకులా నీళ్ల మీద తేలుతుంది.’ ఇటుక ఉపమేయం, తామరాకు ఉపమానం, తేలడం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. ఇది కవి కల్పన కూడా కాదు, రామప్ప శిఖరానికి వాడిన ఇటుకలు నిజంగానే నీళ్లలో తేలతాయి.

● అతిశయోక్తి మీ ఇంట్లో రోజూ వినిపిస్తుంది! బడి నుంచి రాగానే ‘కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి’ అంటారే, అదే. ‘కాకతీయుల కోట కాడ కాకి కావుకావుమంది’ అంటే ‘క’ పదే పదే వచ్చింది కాబట్టి అది వృత్త్యనుప్రాస. అలంకారాలు పండితుల సొత్తనుకుంటాం గానీ, అవి ముందు పుట్టింది మన నోట్లోనే.

● ‘రామ’ అనకుండా రామాయణం రాయగలరా? మరింగంటి సింగరాచార్యులు రాసేశారు! పెదవులు తగిలే ప, ఫ, బ, భ, మ లాంటి అక్షరాలు లేకుండా రాస్తే అది నిరోష్ఠ్య కావ్యం. అలాంటప్పుడు ‘రామ’లో ‘మ’ ఎలా వస్తుంది? అందుకే కావ్యానికి ‘దశరథరాజనందనచరిత్ర’ అని పేరు పెట్టారు. ఆ పేరు పలికి చూడండి, పెదవులు ఒక్కసారి కూడా కలవవు! ఈ ఆట మీరూ ఆడొచ్చు. ఒక్క నిమిషం పెదవులు కలపకుండా మాట్లాడండి చూద్దాం. ‘అమ్మ’ అని కూడా పిలవలేరు!

● అష్టావధానంలో కవిని ప్రశ్నలడిగే పృచ్ఛకుల్లో ఒకరి పనే అడ్డుపడటం! నిషిద్ధాక్షరి అంటారు దాన్ని. కవి ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి ‘అది వద్దు’ అంటారు. కవి అప్పటికప్పుడు దారి మార్చుకుంటూనే ఛందస్సు, అర్థం రెండూ తప్పకుండా పద్యం పూర్తి చేయాలి. అదే సమయంలో ఇంకో ఏడుగురు ఏడు రకాలుగా అడుగుతూనే ఉంటారు!

● జైలు గోడ కూడా ఒకప్పుడు పద్యాల పుస్తకమైంది! చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య, నిజాం పాలనను ఎదిరించి నిజామాబాదు జైలులో ఉన్నప్పుడు బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. ఆ కవే గాలిబ్ ఉర్దూ కవితలను తెలుగులోకి తెచ్చి, గజళ్లూ రుబాయీలూ రాశారు. రుబాయీకి నాలుగు పాదాలు; ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస కలుస్తుంది, మూడోది మాత్రం స్వేచ్ఛగా తిరుగుతుంది.

● కవి పుట్టినరోజే భాషకు పండుగ రోజైంది! 1914 సెప్టెంబరు 9న పుట్టిన కాళోజీ నారాయణరావు జన్మదినాన్ని తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాం. తన కవితలకు ఆయన పెట్టుకున్న పేరు ‘నా గొడవ’, అది ఎప్పుడూ జనం గొడవే. వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే పెట్టారు. డాక్టర్ల పట్టాల మీద ఒక కవి పేరుంటుందన్నమాట!

● కాళోజీ పెరిగిన మడికొండలోనే ఇంకో కవి పుట్టారు. వాడుక మాటల్లో కవిత చెప్పిన కాళోజీ ఒకవైపు, నిండైన పద్యాల్లో ‘పోతన చరిత్రము’ రాసిన వానమామలై వరదాచార్యులు ఇంకోవైపు. ఛందస్సు ఉన్న కవితా లేని కవితా ఒకే ఊరి గాలి పీల్చాయి!

● చివరిగా ఒక పని. ఒక కాగితం తీసుకుని మీ పేరు, కింద మీ ఊరి పేరు రాయండి. అక్షరం అక్షరానికీ గీతలూ కొక్కేలూ పెట్టండి. ఒత్తు ముందున్న అక్షరాన్ని మాత్రం మరిచిపోవద్దు, అందరూ తప్పేది అక్కడే. మీరు సూర్యుడి జట్టో ఇంద్రుడి జట్టో తేలాక, పక్కనున్న వాళ్ల పేరు కూడా అడిగి లెక్కకట్టండి.